ఆరో పేరు

"ఆ బూట్లు ఇంట్లో ఉంటే నేనుండను," అంది వరలక్ష్మమ్మ.

తెల్ల కాన్వాసు బూట్లు. మార్చి నెలలో రోజూ కసరత్తు మొదలుపెట్టించినప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళు అందరికీ ఇచ్చినవి. ఆరు రోజుల కిందట గంగాధరాన్ని జీపులో చిత్తూరు తీసుకుపోయినప్పుడు ఆస్పత్రిలో ఎవరో విప్పి కవర్లో వేసి ఇచ్చారు. ఆ కవరు అప్పటినుంచి బీరువా పక్కన అట్లాగే పడి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు.

సునీల్‌కుమార్ కవరు తీసుకుపోయి పెరట్లో పెట్టి వచ్చాడు.

"ఆడ గాదు. కంటికి కనపడకుండా."

మళ్ళీ వెళ్ళి నీళ్ళ తొట్టి వెనక దాచి వచ్చాడు. అత్త చెప్పిన పని ఒకటి చేయగలిగినందుకు అతనికి లోపల కొంచెం తేలిగ్గా కూడా అనిపించింది. ఈ ఆరు రోజుల్లో ఆవిడ అతనితో నేరుగా మాట్లాడింది ఆ రెండు మాటలే.

ఆవిడ వట్టి పిల్లనిచ్చిన అత్త కాదు. తల్లి పోయిన తొమ్మిదో ఏటినుంచి అతనికి తలంటి, అన్నం పెట్టి పెంచిన మనిషి. గంగాధరం అతని మేనమామ. మేనల్లుణ్ణి చిత్తూరు కాలేజీలో చదివించి, కూతురు ధరణినిచ్చి పెళ్ళి చేశాడు. తాను ముప్పై ఏళ్ళు బాయిలరు ముందు పొగలో నిలబడిన ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోనే అల్లుడు వెల్ఫేర్ ఆఫీసరుగా చేరితే, బంగారుపాళ్యం బస్టాండులో ఎదురైన వాళ్ళకల్లా టీ తాగించాడు.

ధరణి ఫ్లాస్కులో రాగిజావ పోస్తోంది. ఏడింటి బస్సుకు తల్లీకూతుళ్ళు ఆస్పత్రికి పోవాలి.

"అమ్మా, రొంత నువ్వూ తాగు."

"నాకొద్దు." వరలక్ష్మమ్మ గోడవైపు చూస్తూ అంది. "యాభై మూడేండ్ల మనిషి. ఒక్క దినం తలనొప్పని పండుకున్నోడు గాదు. వీళ్ళ పరుగులు పాడుగాను, మూడు నెల్లలో గుండె మీదికి తెచ్చిరి."

"అత్తా..." అన్నాడు సునీల్.

"నువ్వేం మాట్లాడొద్దు బావా," అంది ధరణి. ఫ్లాస్కు మూత బిగించి అతని వైపు తిరిగింది. "నేనొకటి అడగతా, దానికి చెప్పు. పొద్దస్తమానం వొళ్ళు వంచి పనిచేసేవాళ్ళకి కసరత్తు యాల? కుర్చీలో కూర్చునేవాళ్ళు పరుగెత్తితే అర్థముండాది."

"వాళ్ళు వంచేది ఒకే పక్క వంచుతారు ధరణీ. గంటలకొద్దీ ఒకే తీరుగా నిలబడతారు. నడుములు పట్టుకపోతాయి. పోయిన సీజన్‌లో పదకొండు మంది నడుము నొప్పితో పని మానేసినారు, ఈ సీజన్‌లో ముగ్గురే..."

మధ్యలోనే ఆగిపోయాడు. ఆ మాటలు తాను యజమానికి రాసిపంపిన కాగితంలోవి. ఇంట్లో, ఈ పూట, అవి తనకే ఎబ్బెట్టుగా వినిపించాయి.

"సరే. నడుములకు మంచిదే అనుకో," అంది ధరణి. "మా నాయనకు నడుము నొప్పి లేదే. ఆయన్ని యాల పరుగెత్తించినావు?"

సునీల్ చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. జవాబు అక్కడే ఉంది, నాలుగు మడతల్లో.

ధరణి బుట్ట అందుకుని, తల్లి మోచెయ్యి పట్టుకుని గడప దాటింది.

*

వాళ్ళు సందు మలుపు తిరిగారో లేదో, గేటు దగ్గర నాగరత్నమ్మ కనిపించింది. ఫ్యాక్టరీలో కాయలు కోసే సెక్షన్‌లో పని. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడింది.

"ఇంటి కాడికి వచ్చినానని ఏమనుకోవద్దు సార్. ఫ్యాక్టరీలో మాట్లాడే మాట గాదు."

"చెప్పమ్మా."

"కసరత్తు నిలిపేస్తారంట గదా. మా సెక్షన్‌లో ఆడోళ్ళం ఇరవైనాలుగు మందిమి మాట్లాడుకొన్నాం. నిలపొద్దని చెప్పమని నన్ను పంపినారు."

సునీల్ తెల్లబోయాడు. "మామ అట్ల పడిపోయినాక కూడానా?"

"గంగాధరం అన్న కోసం ఏడ్వనోళ్ళు లేరు సార్. అయినా ఉండే మాట చెప్పాల గదా." నాగరత్నమ్మ కుడి చెయ్యి పైకెత్తి చూపించింది. "ఈ భుజం రెండేండ్లుగా లేసేది గాదు. జడేసుకొనేదానికి కోడల్ని పిలిసేదాన్ని. ఇప్పుడు నేనే ఏసుకొంటా. రాత్రిపూట నిద్ర పడతాండాది. ఆ ఇరవై నిముషాలు మమ్మల్ని ఎవురూ కాయ కొయ్యమనరు, నీళ్ళు మొయ్యమనరు. అదొకటి ఉండాది గదా సార్ మాకు."

అతను తల ఊపాడు.

"ఇంగొకటి. మా మరిది మునస్వామి. మీరు వాణ్ణి రూములోకి పిలిపించి, పరుగెత్తొద్దురా, ముందు ఈసీజీ తీయించుకో అని చెప్పినారంట. తీయించుకొన్నాడు. మాత్రలు మింగతాండాడు, బీడీ మానేసినాడు. మీరు చెప్పకపోయింటే వాడూ ఆ దినం పడిపోయుండు. మీ పుణ్యం సార్."

సునీల్ గేటు కమ్మీ పట్టుకున్నాడు.

"కసరత్తు చెడ్డది గాదు సార్. అన్నకి తెలీకనే గదా అట్లయింది. తెలిసుంటే ఎవురైనా పరుగెత్తనిస్తారా?"

ఆవిడ దండం పెట్టి వెళ్ళిపోయింది. కమ్మీ మీంచి చెయ్యి తీయడానికి అతనికి చాలాసేపు పట్టింది.

*

ఆ జేబులో కాగితం మే నెలలో వైద్య శిబిరం పెట్టినప్పటిది. చిత్తూరు నుంచి వచ్చిన డాక్టరు నూటా నలభై మందిని చూసి, పోతూ పోతూ సునీల్ చేతిలో పెట్టిపోయాడు. అందులో ఆరు పేర్లు. కింద ఒకే ఒక వాక్యం: వీళ్ళు నడవవచ్చు, పరుగెత్తకూడదు, ముందు ఈసీజీ తీయించాలి.

నిజానికి మొదట్లో పరుగు లేదు. చేతులు చాపడం, నడుము వంచడం, యార్డు చుట్టూ రెండు చుట్లు నడవడం, అంతే. మద్రాసు నుంచి యజమాని వస్తున్నాడని తెలిశాక, సెక్షన్ల మధ్య పరుగు పందెం పెడితే చూడ్డానికి బాగుంటుందని సునీలే అన్నాడు. ఆడవాళ్ళు నడకకు ఒప్పుకున్నారు. మగవాళ్ళలో బాయిలరు సెక్షన్ వాళ్ళు పదకొండు మంది ససేమిరా అన్నారు. బడిపిల్లోళ్ళమా అని నవ్వారు. అప్పుడు గంగాధరం లేచి, "నేను ముందు నిలబడతా, రాండబ్బా," అన్నాడు. అందరూ వచ్చారు.

శిబిరం అయిన మర్నాడు సునీల్ అయిదుగురిని ఒక్కొక్కరిగా గదిలోకి పిలిచి చెప్పాడు. ఆరో పేరు గంగాధరానిది. మామ పక్కకు తప్పుకుంటే బాయిలరు వాళ్ళంతా తప్పుకుంటారు. యజమాని రావడానికి పది రోజులే ఉంది. పది రోజుల్లో ఏమవుతుంది, ఆ తర్వాత నేనే దగ్గరుండి ఈసీజీ తీయిస్తాను అనుకున్నాడు. ఆ సాయంత్రం మామతో, "బీపీ రొంత ఎక్కువుండాదంట, ఉప్పు తగ్గించు," అని మాత్రం అన్నాడు.

పదో రోజు పొద్దున యార్డులో ఈల ఊదింది కూడా అతనే. మూడో చుట్టులో గంగాధరం నిదానించి, గోడ పక్కన కూలబడ్డాడు. అలిసి కూర్చున్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు అతని చెవుల్లోంచి ఇంకా పోలేదు.

*

మేనేజరు జయరావు పదిన్నరకు ఫ్యాక్టరీ ముందు కారు దిగాడు. వస్తూనే సునీల్‌ను తన గదిలోకి పిలిచాడు. ఆరు రోజులుగా ముడుచుకుపోయిన మొహం ఆ పూట విచ్చుకుని ఉంది.

"కూర్చో. పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళొచ్చాను. మీ మామ చాలా పెద్దమనిషి. మద్రాసు వాళ్ళు పొద్దుట ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి నన్ను తినేస్తున్నారు. వాళ్ళకు పంపడానికి ఒక కాగితం దొరికింది."

బల్ల మీదికి తోశాడు. టైపు చేసిన నాలుగు వాక్యాలు. పరుగెత్తకూడదని డాక్టరు చెప్పిన సంగతి వెల్ఫేర్ ఆఫీసరు నాకు ముందే తెలియజేసినారు. నేను వినకుండా నా ఇష్టం మీద పరుగెత్తినాను. ఇందులో ఎవరి తప్పూ లేదు. కింద గంగాధరం సంతకం. ఎప్పుడూ గుండ్రంగా రాసే అక్షరాలు వంకర్లు పోయి ఉన్నాయి.

"దాని కింద, అవును, నేను తెలియజేశాను అని రాసి నువ్వు సంతకం పెట్టు. అంతటితో అయిపోతుంది."

సునీల్ ఆ మొదటి వాక్యం మూడుసార్లు చదివాడు.

"మామను మళ్ళీ పనిలోకి తీసుకుంటారా సార్?"

జయరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "చెప్పినా వినకుండా చేసుకున్న మనిషిని ఎట్లా తీసుకుంటారు? ఆయనకూ తెలుసు ఆ సంగతి. తెలిసే రాశాడు."

"కసరత్తు సంగతి?"

"ఇంకా కసరత్తేమిటయ్యా. ఈరోజుతో సరి." జయరావు గొంతు తగ్గించాడు. "చూడు, ఆరు పేర్లు నీ చేతికిచ్చానని డాక్టరు చెప్పాడు. నువ్వు ఆ ఆరుగురికీ చెప్పే ఉంటావు. చెప్పావు కదా?"

సునీల్ తల దించుకున్నాడు. ఆ దించుకోవడాన్ని జయరావు అవును కింద తీసుకున్నాడు. కాదు అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం కుర్చీలో కూర్చుని ఉండగానే దాటిపోయింది.

"సాయంత్రంలోగా ఇస్తాను సార్," అని కాగితం తీసుకుని బయటికి వచ్చాడు.

*

చిత్తూరు ఆస్పత్రిలో మగవాళ్ళ వార్డు మేడమీద. మెట్ల దగ్గరే ధరణి ఎదురొచ్చింది. పొద్దుటి కోపం మొహంలో లేదు.

"బావా, జయరావు కాగితం సంగతి, దాని మీద నువ్వు పెట్టాల్సిన సంతకం సంగతి, నాయన అంతా చెప్పినాడు. నువ్వు వద్దన్నా ఆయనే మొండికేసినాడంట. ఆ మాట పొద్దున నాతో యాల చెప్పలేదు? మామ మీదికి తప్పు నెట్టినట్టుంటాదని ఊరుకున్నావా?" ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "నిన్ను ఊరికే అనేసినా. మనసులో పెట్టుకోవద్దు."

"మామను చూసొస్తా," అన్నాడు.

గంగాధరం దిండుకు ఆనుకుని ఉన్నాడు. ఆరు రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి. అల్లుణ్ణి చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"కాగితం అందిందా?"

"యాల రాసిచ్చినావు మామా?"

"మేనేజరు టైపు కొట్టించుకొనే వచ్చినాడు. అల్లుడు చెప్పినాడా అని అడిగినాడు. చెప్పినాడన్నా. నా పని ఎట్లాగూ పోయినట్టే. ఒకే ఇంట్లో రెండు పనులు పోవాల్నా?"

"నేను చెప్పలేదు గదా."

"చెప్పలేదులే," అన్నాడు గంగాధరం, నెమ్మదిగా, అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు.

సునీల్ తలెత్తాడు. ఆ కాగితం గురించి మామకు తెలిసే వీలు లేదనే అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

"నీకెట్ల తెలుసు?"

"చేతికి పట్టీ చుట్టి డాక్టరు మూడుతూర్లు చూసినాడు. కాంపౌండరుతో నా పేరు విడిగా రాయమన్నాడు. నేను చెవిటోణ్ణా?" ఆయాసం తీర్చుకోడానికి ఆగాడు. "మర్నాడు మునస్వామిని పిలిచినావని తెలిసింది. ఇంగా నలుగురిని పిలిచినావని తెలిసింది. నన్నూ పిలుస్తావని సూసినా. ఆ సాయంత్రం ఇంటికొస్తే, ఇప్పుడు చెప్తాడు అనుకొన్నా. ఉప్పు తగ్గించమన్నావు."

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. ఫ్యాను ఒక్కో చుట్టుకూ కిర్రుమంటోంది.

"నువ్వు చెప్పలేదంటే పెద్దదేం గాదులే అనుకొన్నా."

"నిజంగా అట్లనుకొన్నావా మామా?"

గంగాధరం కిటికీ వైపు తిరిగాడు.

"ఏమోరా. రొంత అనుకొన్నా. రొంత అనుకోలేదు. అంతమంది ముందర నీ మాట నిలబడాల గదా అనిపించింది. నా కాళ్ళు నేనే ఎత్తినా. నువ్వు ఎత్తలేదు. పోనీలే, సంతకం పెట్టి ఇచ్చెయ్."

తిట్టి ఉంటే బాగుండేది. పళ్ళు కొరికి, పో నా ముందు నిలబడొద్దు అని ఉంటే, అతను ఆ మాట మోసుకుని ఎక్కడికైనా పోయి ఉండేవాడు. మామ దుప్పటి సర్దుకుని కళ్ళు మూసుకున్నాడు. అంతే.

*

వరండాలో బల్ల మీద వరలక్ష్మమ్మ, పక్కన ధరణి. సునీల్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వరలక్ష్మమ్మ అతన్ని చూసి కొంచెం పక్కకు జరిగింది. పెంచిన ప్రేమ ఆ జరగడంలో మళ్ళీ కనపడింది.

"కూర్సో నాయనా. ఆయనకు చిన్నప్పట్నించీ మొండే. నిన్నని ఏం లాభం."

అక్కడ కూర్చుంటే ఇక జన్మలో చెప్పలేనని అతనికి తెలిసిపోయింది. నిలబడే జేబులో కాగితం తీశాడు.

"మామ చెప్పింది అబద్ధం అత్తా. నేను చెప్పలేదు."

ఇద్దరూ అతని మొహం చూశారు.

"డాక్టరు ఆరు పేర్లు రాసిచ్చినాడు. పరుగెత్తకూడదని. అయిదుగురికి చెప్పినా. మామకు చెప్పలేదు. మామ తప్పుకుంటే బాయిలరు వాళ్ళు రారని... యజమాని వచ్చిపోయినాక చెప్దామని."

ధరణి కాగితం అందుకుంది. మడతలు విప్పి చదివింది. ఆరో పేరు దగ్గర వేలు ఆగింది.

"అయిదుగురికి చెప్పినావా," అంది.

"చెప్పినా."

"పరాయోళ్ళు అయిదుగురికి చెప్పినావు."

సునీల్ అత్త వైపు చూశాడు. ఆవిడ అరుస్తుందని, కొంగు నోట్లో కుక్కుకుంటుందని, కొడుతుందని కూడా ఎదురుచూశాడు. వరలక్ష్మమ్మ ఒళ్ళో చేతులు అట్లాగే పెట్టుకుని ఉంది.

"ఆ అయిదుగురూ ఎట్లుండారు?" అని అడిగింది.

"బాగుండారత్తా."

"చెప్తే బాగుంటారు గదా," అంది.

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. తనకు తెలియని సంగతి ఒకటి అప్పుడే తెలుసుకున్నట్టుంది. లేచి, కొంగు సర్దుకుని, వార్డులోకి నడిచింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం తలుపు పట్టుకుని నిలబడి, తర్వాత లోపలికి వెళ్ళిపోయింది.

ధరణి కాగితం తిరిగి ఇవ్వలేదు. బుట్టలో, టవలు కింద పెట్టుకుంది.

"జయరావు కాగితం మీద సంతకం పెట్టినావా?"

"లేదు."

"పెడితే నాయన పని పోతాది. పెట్టకపోతే నీ పని పోతాది."

"మామ అబద్ధం రాసిచ్చినాడని కూడా తేలతాది," అన్నాడు సునీల్.

"నేనేం చెయ్యాల ధరణీ?" అని అడగబోయాడు. ఆమె ముందే చెయ్యి అడ్డం పెట్టింది.

"నన్ను అడగొద్దు. ఇన్నాళ్ళూ అడిగినావా?"

ఆస్పత్రి గేటు ఎదురుగా ఎస్టీడీ బూతు ఉంది. సునీల్ మెట్లు దిగి, రోడ్డు దాటి, అద్దాల గదిలోకి పోయి తలుపు మూసుకున్నాడు. ధరణి మెట్ల కింద దాకా వచ్చి, గేటు పక్కన నీడలో నిలబడడం అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. నంబరు తిప్పాడు.

"సంతకం అయిందా?" అన్నాడు జయరావు.

"సార్, అందులో ఒక మాట తప్పుండాది."

"ఏ మాట?"

"ముందే తెలియజేసినారు అని రాసుండాది గదా సార్. నేను తెలియజేయలేదు."

అవతల యంత్రాల హోరు, ఎవరో తలుపు వేసిన చప్పుడు. తర్వాత జయరావు చాలా మెల్లగా, దగ్గరి మనిషితో మాట్లాడినట్టు అన్నాడు:

"సునీల్, నువ్వు ఇప్పుడన్న మాట నేను వినలేదు. ఫోన్ పెట్టేస్తాను. బాగా ఆలోచించుకుని మళ్ళీ చెయ్యి. ఈసారి ఏం చెబితే అది మద్రాసుకు పోతుంది."

లైను తెగిపోయింది.

రిసీవరు చేతిలో పట్టుకునే సునీల్ గేటు వైపు తిరిగాడు. ధరణి అక్కడ లేదు.